నేను ఎంచిన చెరువు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది. తోటిమనిషి కొత్త చెప్పులు చూసి అన్నం సహించని రోజులు నా జీవితంలో చాలానే ఉన్నాయి. అయితే ఒక చెరువు కోసం నెలన్నర పాటు కడుపుమంటతో వేగిపోయింది మాత్రం ఆ ఒక్క ఎండాకాలమే.

అప్పటికి నేను కువైట్ వచ్చి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళూ ఒకటే ఇల్లు. ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. వంట నాది. ఇంటావిడ నాకంటే మూడేళ్ళు చిన్నది, అయినా అందరిలాగే నేనూ ఆమెను మామా అనే పిలుస్తాను. ఆమె భర్తను బాబా అంటాం. కింది అంతస్తులో బాబా తల్లి ఉంటుంది. ఆమె పెద్ద మామా. ఆవిడకు చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు, వాటికి తోడు నోటిదురుసు. ముగ్గురు పిల్లల్లో చివరివాడు పుట్టినప్పుడు వాణ్ణి చూసుకోవడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. రాయచోటి దగ్గర మా పక్క ఊరి పిల్ల ఒకతె ఉందని చెప్పి, బతిమాలి, మామా చేత ఆమెకు వీసా తీయించింది నేనే. నేనే అని ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మామా వాళ్ళు ప్రతి ఆగస్టులో యూరప్ పోతారు. ఇక్కడ ఆగస్టులో చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేణ్ణీళ్ళే వస్తాయి. పక్కనే సముద్రం ఉందన్న మాటే గానీ, అందులో కాళ్ళు పెడితే కాపడం పెట్టినట్టే ఉంటుంది. అందుకని ఉన్నవాళ్ళందరూ చల్లటి నీళ్ళు వెతుక్కుంటూ ఎగిరిపోతారు. వీళ్ళకు యూరప్ అంటే కోటలూ మ్యూజియంలూ కాదు. ఒక చెరువు, దాని వెనక కొండ, కొండ మీద మబ్బు ఉంటే చాలు. దానికి తోడు వాన పడిందంటే ఇంటిల్లిపాదీ తడుస్తూ వీడియోలు తీసుకుంటారు. తొమ్మిదేళ్ళుగా ఆ వీడియోలు చూసి "మాషా అల్లా" అనడం కూడా నా పనుల్లో ఒకటి. పైకి మాషా అల్లా అంటాను గానీ లోపల నాకు ఏమనిపించేదో అది ఇక్కడ రాయలేను.

చిన్నవాడికి రెండేళ్ళు నిండాయి, వాణ్ణి ఎత్తుకుని తిరగడం మామా వల్ల కాదు. ఈసారి మాలో ఒకరిని వెంట తీసుకుపోతానని రంజాన్‌లోనే అంది. ఒకరిని అంటే నన్నే అని నేను అనుకున్నాను. తొమ్మిదేళ్ళ మనిషిని ఉంచుకుని రెండేళ్ళ మనిషిని ఎవరు తీసుకుపోతారు?

మే నెలలో ఒకరోజు టీ తీసుకుపోతే మామా టాబ్లెట్‌లో చెరువులు పరుచుకుని కూర్చుంది. "రా, నువ్వూ చూడు" అంది. పుస్తకాల్లో సరస్సులని రాస్తారు, మా వైపు ఎంత పెద్దదైనా చెరువే అంటాం. మొదటిది ఆస్ట్రియాలోది. జెలాంసీ అంటారు వీళ్ళు. అక్కడికి ఇక్కడివాళ్ళు ఎంతమంది పోతారంటే, పొద్దున లేచి కిటికీ తీస్తే మన వీధివాళ్ళే కనబడతారని బాబా విసుక్కుంటాడు. విసుక్కుంటూనే ప్రతిసారీ అక్కడే గది తీస్తాడు. ఇటలీలో కోమో చెరువు చూపించింది. గట్టు పొడుగునా పెద్దింటివాళ్ళ తోటలు, తోట మెట్లు దిగితే నీళ్ళే. హాల్‌స్టాట్ అని ఇంకొకటి. కొండకూ నీళ్ళకూ మధ్య చాప వేసేంత జాగాలో ఊరంతా ఇరుక్కుని కూర్చుంది. స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ చెరువు నీళ్ళు నీలమా పచ్చా అని తేల్చుకోలేక, ఇది రంగు కలిపిన ఫోటో అన్నాను. కాదట. మంచు కరిగి కొండరాళ్ళ పొడిని మోసుకొస్తుందట, అందుకే ఆ రంగట. ఫ్రాన్సులో ఆన్సీ అని ఒకటుంది. దాని నీళ్ళలో అడుగున రాళ్ళు కూడా కనబడుతున్నాయి.

ఆ తర్వాత స్లొవేనియా అనే దేశంలో బ్లెడ్ చెరువు వచ్చింది. మిగతావాటి పక్కన పెడితే చిన్నది. నడిస్తే ఒక పూటలో చుట్టి రావచ్చట. నడిమధ్యన ఒక లంక, లంక మీద తెల్లటి చర్చి. పక్కన కొండ కొమ్ము మీద కోట. నిలబడి తెడ్లు వేసే మనిషి, కొయ్య పడవ. నాకు అది ఒక్క చూపులో పట్టింది. మిగతావన్నీ అటు గట్టు వేరేవాళ్ళదన్నట్టు ఉన్నాయి. ఇది మాత్రం మొత్తంగా నాకే కనబడుతోంది. వేలు పెట్టి "ఇది" అన్నాను.

మామా నవ్వింది. "నీ కన్ను మంచిది" అని బాబాను పిలిచి, జెలాంసీ నుంచి కారులో మూడు నాలుగు గంటలే కదా, అక్కడ రెండు రోజులు పెట్టు అంది. బాబా సరేనన్నాడు. నేను చూపించిన చోటికి ఇంటిల్లిపాదీ పోవడం నా జీవితంలో అదే మొదలు.

ఇంక ఆగుతానా? ఆ శుక్రవారం అబూ హలీఫాలో మావాళ్ళు ఆరుగురు కలిసి అద్దెకుంటున్న గదికి పోయి అందరికీ చెప్పేశాను. దార్లోనే ఒక స్వెట్టరు కొన్నాను, బూడిద రంగుది, ముందు గుండీలు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో చంకన స్వెట్టరు పెట్టుకుని దిగేసరికి వాళ్ళు పడీపడీ నవ్వారు. "ఏం మే, పొయ్యికి చలేస్తాందా?" అంది ఒకతె. నవ్వనీ అనుకున్నాను. వాళ్ళు కుళ్ళుకుంటున్నారని నా నమ్మకం, ఆ నమ్మకం నాకెంతో హాయిగా ఉండింది.

జూన్‌లో మామా నన్ను పిలిచి, ఆ పిల్లను తీసుకుపోతున్నానని చెప్పింది.

"నువ్వొస్తే పెద్ద మామాకు వండేదెవరు? నీ చేతి వంట తప్ప ముట్టదు కదా. బీరువా తాళాలు ఎవరికిచ్చి పోను? నువ్వు ఇంట్లో ఉంటేనే నాకు అక్కడ నిద్ర పడుతుంది. నిన్ను నమ్మినట్టు నా చెల్లెల్ని కూడా నమ్మను."

ఇది పొగడ్తే. పొగడ్త కాబట్టే దాంతో పోట్లాడలేం. ఈ ఇళ్ళలో పద్ధతే అంత. పనికిరాని మనిషి పెట్టెలతో పాటు విమానం ఎక్కుతుంది, నమ్మకమైన మనిషి బంగారంతో పాటు ఇంట్లో ఉండిపోతుంది. "సరే మామా" అని వచ్చి ఉల్లిపాయలు ముందేసుకున్నాను, ఏడ్చినా ఎవరూ అడగరని.

ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్ళు దానికి. పెళ్ళయింది, మొగుడు సబ్హాన్‌లో గోడౌన్‌లో పని. మనసులో ఏముంటే అదే మొహం మీద ఉంటుంది.

"అక్కా, నన్ను తోడుకోని పోతాదంట! నాకు శానా భయంగా ఉండాదక్కా. నువ్వు చూపిచ్చిన ఆ చెరువు తావ చలి ఉంటాదా? నీ స్వెట్టరు ఇస్తావా?"

ఇచ్చాను. ఇస్తూ, పై నుంచి రెండో గుండీ ఊడిపోయేలా ఉందని మాత్రం చెప్పలేదు.

అప్పటినుంచి నేను చేసిన చిల్లర పనులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉప్మాలో జీడిపప్పు ఏరి నా పళ్ళెంలో వేసుకునేదాన్ని. దానికి మీగడ లేని పెరుగు. అది వీడియోలో ఆ చెరువు చూస్తూ "ఇదేంది అక్కా, ఈ కొండ మీద ఉండేది?" అని అడిగితే "పోతాండావు కదా, పోయి చూసుకో" అనేదాన్ని. కోట అని చెప్పడానికి నా నోరు రాలేదు. నేను కనిపెట్టిన చెరువు. నేను బతిమాలి తెచ్చిన మనిషి. ఆ చెరువును ఆ మనిషి చూస్తుందట, నేను ముసలమ్మకు చారు కాస్తానట! గిన్నెలు తోముతూ ఈ మాటలే అనుకునేదాన్ని. ఆ నెలలో రెండు గాజు గ్లాసులు పగిలాయి.

ఆషాఢం వచ్చింది. వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి దానికి ఆదివారం పొద్దున టైము దొరికింది. దానికి ముందు శుక్రవారం మామా వాళ్ళు సముద్రం ఒడ్డున ఉన్న సెలవుల ఇంటికి, షాలేకు, పోయారు. పెద్ద మామా మధ్యాహ్నం నిద్రలో ఉంది. వంటింట్లో మేమిద్దరమే. ఊరినుంచి వచ్చినామె ఎవరో ఇచ్చిందని ఆ పిల్ల గోరింటాకు పొడి పొట్లం తెచ్చింది.

"ఆషాఢం కదక్కా, పెట్టు. దేశం కాని దేశం పోతాండా, చేతులు బోడిగా ఉంటే బాగుండదు. అరచేతిలో చందమామ పెట్టు చాలు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఇక్కడి ప్రభుత్వం అందరి వేలిముద్రలూ తీసుకుంది. నేను పోయింది కూడా ఆషాఢంలోనే. పది వేళ్ళకూ మా వైపు పెట్టుకునే గోరింటాకు టోపీలతో పోయాను. రెండు గంటలు వరుసలో నిలబడి వేలు పెడితే యంత్రం తీసుకోలేదు. తుడిచి పెట్టినా తీసుకోలేదు. కౌంటరులో అమ్మాయి నా వేళ్ళు చూసి, పక్కామెకు చూపించి, నవ్వి, ఎరుపు పోయాక రమ్మంది. అరబ్బులూ హెన్నా పెట్టుకుంటారు గానీ పువ్వులూ తీగలూ గీసుకుంటారు. వేలికొసలు మొత్తం ముంచేది మనమే. ఆ పిల్ల తన వేలిముద్రలు విమానం దిగినప్పుడే ఇచ్చేసింది కాబట్టి ఆ వరుసలో లేదు. దానికి ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు.

తెలిసి ఏం చేశాను? పొడిలో నిమ్మకాయ పిండి, టీ డికాక్షన్ పోసి కలిపాను. అరచేతిలో చందమామ పెట్టాను. అది చేతులు వెనక్కి తీసుకోబోతుంటే పట్టుకుని "వేళ్ళకు టోపీలు లేకుంటే అదేం గోరింటాకు మే? మీ అమ్మ ఇట్లనే పెడతాదా?" అన్నాను.

"అవును కదా, పెట్టు పెట్టు" అని పది వేళ్ళూ చాపింది.

ఒక్కో వేలికీ మొదటి గీత దాకా మందంగా పెట్టాను. ఆరిన చోటల్లా పంచదార నీళ్ళు అద్దాను. సాయంత్రం దాకా కడగనివ్వలేదు. చేతులు ఖాళీ లేవు కాబట్టి దానికి అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టాను. పప్పు, నెయ్యి, మామిడికాయ. ఒక్కో ముద్దా నోట్లో పెట్టేటప్పుడు చెప్పడానికి వీలుండింది. తొమ్మిదో పదో ముద్దలు పెట్టాను.

కడుక్కున్నాక ఎర్రగా, నల్లబారేంత ఎర్రగా పండింది. "ఎంత పండిందో చూడక్కా! మంచి మొగుడొస్తాడంట. ఉన్నాడులే నాకు ఒకడు, ఇంగొకడు యాడికి?" అని కిలకిలా నవ్వి, ఆ చేతులతోనే నా మెడ కావలించుకుంది.

ఆదివారం పదకొండు గంటలకల్లా తిరిగొచ్చారు. గేటు దగ్గరే మామా గొంతు వినబడింది. వేళ్ళు చూడగానే ముద్రలు తీసుకోవడం కుదరదన్నారట, ఎరుపు పోయాక మళ్ళీ టైము తీసుకుని రమ్మన్నారట. "గాడిద బుర్ర" అంది మామా. అది తల దించుకుని నిలబడింది. నేను కొత్తిమీర తరుగుతున్నాను.

బాబా ఎవరికో ఫోన్ చేసి గురువారానికి ఇంకో టైము సంపాదించాడు. దాంతో ఆ పిల్లకు ఆశ పుట్టింది. నాలుగు రోజులు ఆ వేళ్ళను ఏం చేసిందో నేను చూశాను. నిమ్మచెక్క, ఉప్పు, టూత్‌పేస్టు, బట్టలకు వాడే క్లోరాక్స్ బ్లీచు, చివరికి గిన్నెలు తోమే ఇనుప పీచు. అది నన్ను అడగలేదు గానీ, కొత్త పీచు దాని చేతికి అందేలా సింకు పక్కన పెట్టింది నేనే. సాయం చేస్తున్నాననుకుంది. రంగు పోలేదు, చర్మం పోయింది. బుధవారం సాయంత్రానికి పిల్లవాడి పాలసీసా మూత తిప్పడం కూడా దాని వల్ల కాలేదు. మామా ఆ వేళ్ళు పట్టుకుని చూసి, బీరువా తెరిచి నా పాస్‌పోర్టు తీసింది.

"ఖలాస్. నువ్వే రా. రేపటి టైముకు నీ పేరు మార్పిస్తాను. ముసలావిడ సంగతి ఏదో ఒకటి చూద్దాం."

ఆ క్షణంలో అంతా చెప్పేయాలనుకున్నాను అని రాయడం తేలిక. అనుకోలేదు. నా గుండె ఎగిరి గంతేసింది. మొహం మీద ఆ సంగతి కనబడకుండా ఉండడానికి ఫ్రిజ్ తెరిచి తల లోపల పెట్టాను.

ఆ పిల్ల స్వెట్టరు తెచ్చి తిరిగి ఇచ్చింది. "నువ్వు బాధపడొద్దక్కా. పెట్టమన్నది నేనే కదా, నీ తప్పేముండాది" అంది. మడత విప్పి చూస్తే రెండో గుండీ గట్టిగా కుట్టి ఉంది. ఎప్పుడు కుట్టిందో, ఏ వేళ్ళతో కుట్టిందో అడగలేదు.

ఆగస్టులో పోయాం. జెలాంసీలో పది రోజులూ వాన పడింది, మామా వాళ్ళు మురిసిపోయారు. నేను తడిసిన సాక్సులు హీటరు మీద ఆరేశాను. తర్వాత బ్లెడ్ పోయాం.

నాకేదో శిక్ష పడుతుందని, చెరువు ఎండిపోయి ఉంటుందనో మబ్బు కమ్మి ఏమీ కనబడదనో ఒక మూల భయం ఉండేది. అలాంటిదేమీ జరగలేదు. పొద్దున పది గంటలకు ఎండ కాసింది. నీళ్ళు టాబ్లెట్‌లో చూసినదానికంటే పచ్చగా ఉన్నాయి. లంక, చర్చి, కోట, అన్నీ చెప్పిన చోటే ఉన్నాయి. బాతులు ఒడ్డుకు వచ్చి మా సంచులు వాసన చూశాయి. మామా వాళ్ళు పడవెక్కి లంకకు పోయారు. పిల్లవాడు తోపుడు బండిలో నిద్రపోయాడు, లంక మీదేమో అన్నీ మెట్లేనట, అందుకని వాణ్ణి పెట్టుకుని నేను ఒడ్డున బెంచీ మీద ఉండిపోయాను. నాకేం బాధ లేదు. లంకలో ఉన్నవాళ్ళకు లంక కనబడదు కదా! ఒడ్డునున్న నాకే మొత్తం కనబడింది. పావుగంట సేపు ఈ భూమ్మీద నాకు ఎవరి మీదా ఏ కుళ్ళూ లేదు.

ఆ పావుగంట అయ్యాక ఫోన్ తీసి ఆ పిల్లకు వీడియో కాల్ చేశాను. చెరువు చూపించడానికని పైకి. అసలు దాని మొహం చూడాలని చేశాను. నెలన్నర నేను పడ్డ మంట దాని కళ్ళలో రవ్వంత కనబడితే, నేనొక్కదాన్నే ఇలాంటిదాన్ని కాదని తేలిపోతుంది.

ఫోను మా వంటింట్లో మోగింది. ఆ పిల్ల పొయ్యి ముందు ఉంది. వెనక నా స్టూలు మీద పెద్ద మామా కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ వంటింటి గడప తొక్కడం నేను చూడలేదు.

"అక్కా! తిప్పు తిప్పు, చెరువు చూపీ!"

ఫోను తిప్పాను. నేను దాని మొహమే చూస్తున్నాను. నోరు తెరుచుకుంది, కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బా! నువ్వు చూపిచ్చిన మాదిరే ఉండాది కదక్కా! పెద్ద మామా, నువ్వూ చూడు" అని ఫోను ఆవిడ దగ్గరకు పట్టింది. "ఇంగొంచెం అట్ల తిప్పు. పడవలు యాడ? ఆ... అగో! బాతులు! నువ్వు పోయినావు కాబట్టి ఇంత బాగా చూపిస్తాండావు. నేనైతే బెదురుకోని హోటల్లోనే కూర్చోనుందును."

వెతికాను. కళ్ళలో, మూతి వంకరలో, గొంతులో, ఎక్కడా లేదు. నా దగ్గర బోలెడంత ఉన్నది దాని దగ్గర చిటికెడు కూడా లేదు.

"అక్కా, నువ్వు కూడా అగుపడు. చెరువూ నువ్వూ ఇద్దరూ కలిసి అగుపడాల."

అలా కనబడాలంటే చెరువుకు వీపు తిప్పి కూర్చోవాలి. తిరిగి కూర్చుని ఫోను ఎత్తి పట్టుకున్నాను. మూలన చిన్న గడిలో నేను, నా వెనక చెరువు. మిగతా అద్దమంతా మా వంటిల్లే. పెద్ద మామా ఏదో అంది, ఆ పిల్ల నవ్వుతూ ఆవిడ మూతి తుడిచింది.

"ఏం తింటాంది?" అన్నాను.

"చారన్నమే అక్కా. నువ్వు చేసే చారే. ఊరకనే నీళ్ళుగా కాసినా, రెండోసారి పోయించుకున్నాది చూడు!"

నాకెప్పుడూ ఆవిడ రెండోసారి గిన్నె చాపలేదు. పడవ తిరిగొచ్చేదాకా, నేను ఎంచిన చెరువుకు వీపు పెట్టి, ఆ ముసలావిడ దాని చేతి చారు జుర్రుకోవడం చూస్తూ, కడుపు మండిపోతూ అక్కడే కూర్చున్నాను.